దాక్షిణాత్య రచయితలు: గోష్ఠీ విమర్శనము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో గ్రంథాలయములును కళాశాలలును రచయితలను రావించి, వేదికపై వరుసగా గూర్చుండబెట్టి, ఒక నిర్వాహకునిచే బ్రశ్నలడిగించి, పిదప శ్రోతలకును బ్రశ్నించు నవకాశ మొసగు నాచారము చిరకాలముగా గలదు. పుస్తకము లెరువిచ్చుటతో గ్రంథాలయము పని తీరదనియు, పుస్తకమునకును జదువరికిని నడుమ గల దూరమును దగ్గించుటయు దాని ధర్మమే యనియు నచటివా రెంచుట దీనికి మూలము. ఇట్టి గోష్ఠులకు దఱచుగా నుంచబడు పేళ్లలో ‘దాక్షిణాత్య రచయితలు’ అనునది యొకటి. ఉత్తరదేశ రచయితల పేర నిట్టి సభ జరుగుట యరుదు. దక్షిణదేశమువారికే యీ విశేషణ మేల యవసరమైనది? విశేషణము వ్యావర్తకము గదా! అది యెవరిని వేఱుచేయుచున్నది? ఎవరిని లోనికి గైకొనుచున్నది? ఎవరిని వాకిట నిలుపుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధాన మరయుట యీ వ్యాసమున కుద్దేశము.

అచటి ‘దక్షిణదేశము’ కేవలము దిక్కును బట్టి యేర్పడిన పేరు గాదు. 1861 మొదలు 1865 వఱకు జరిగిన యంతర్యుద్ధమున సంయుక్త రాష్ట్రములనుండి విడివడి పోరాడి యోడిన పదునొకండు రాష్ట్రములును, వానితో నాచారసామ్యము గల కెంటకీ మున్నగు పొరుగు సీమలును నా పేర బరగుచున్నవి. పత్తితోటలు, ఆఫ్రికానుండి తేబడినవారి దాస్యము, యుద్ధము, ఓటమి, దాస్యవిమోచనము, ఆ వెనుక దాదాపు నూఱేండ్లు నిలిచిన వర్ణభేద శాసనములు, ఇవి యా దేశచరిత్రలోని ప్రధానఘట్టములు. 1920 తరువాత నచట వాఙ్మయము విజృంభించెను. విమర్శకులు దానికి ‘దాక్షిణాత్య పునరుజ్జీవన’ మని పేరిడిరి. మిసిసిపీ రాష్ట్రమువాడగు విలియం ఫాక్‌నర్‌కు 1949వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించుటతో నా పేరు లోకప్రసిద్ధమయ్యెను. నాటినుండి దక్షిణమున గలముపట్టిన ప్రతివాడును దాక్షిణాత్యుడుగానే పరిచయము చేయబడుచుండెను.

గోష్ఠి

ఇట్టి గోష్ఠులలో విమర్శకు మిక్కిలి తగినది 1960 అక్టోబరు 28వ తేదీని జార్జియా రాష్ట్రమున మేకన్ నగరమందలి వెస్లియన్ కళాశాలలో జరిగినది. విషయము ‘ఇటీవలి దాక్షిణాత్య కల్పనా సాహిత్యము’. వేదికపై నలుగురు రచయితలు: టెక్సాసున 1890లో బుట్టిన క్యాథరిన్ ఆన్ పోర్టర్, కెంటకీ సీమయందు 1895లో బుట్టిన కారొలైన్ గార్డన్, జార్జియాలోనే 1925లో బుట్టిన ఫ్లానరీ ఓకానర్, టెనెసీలో నదే యేట బుట్టిన మాడిసన్ జోన్స్. నిర్వాహకుడు దక్షిణ కరొలైనావాడును, దాక్షిణాత్య పునరుజ్జీవనమును గూర్చిన వ్యాససంపుటమునకు 1953లో సహసంపాదకుడునగు లూయిస్ రూబిన్. మఱుసటి యేడు జనవరిలో నీ సంభాషణ కళాశాల పత్రికయం దచ్చుపడినది. కావున నిది గాలిలో గలిసిపోయిన మాట గాక పరీక్షకు నిలిచిన గ్రంథము.

ఇట్టి సభలలో నడుగు ప్రశ్నలు రెండు తెగలు. ఎప్పుడు వ్రాయుదురు, కథ యెట్లు తోచును, ముగింపు ముందే తెలియునా యనునవి మొదటి తెగ. ఇవి కర్తను గూర్చినవి గాని కృతిని గూర్చినవి కావు. వంటవానిని బొయ్యి యే దిక్కున నున్నదని యడిగినట్లుండును. ఐనను శ్రోతల కివి ప్రియములు. రెండవ తెగ యర్థమును గూర్చినది: ఈ వస్తువు దేనికి సంకేతము, ఆ రంగు దేనికి గుర్తు అని. ఇచటనే గోష్ఠికి గల యసలు ప్రయోజనము వెలువడును. సంకేతమును ముం దెన్నుకొని కథలో నమర్చుట తమ పద్ధతి గాదని పోర్టరును ఓకానరును నొక్కి చెప్పిరి. బీజగణితమున నవ్యక్తరాశిని గనుగొని తక్కిన లెక్కను ద్రోసివేయునట్లు విద్యార్థులు కథలో నేదో యొక గుప్తార్థమును బట్టుకొని కథనే విడిచివేయుచున్నారని ఓకానరు వాపోయెను.

ఆమె కిట్టి యనుభవ మా కళాశాలలోనే యంతకుముం దొక యేడు కలిగినది. 1959లో నామె యచట తన కథ నొకదానిని జదువగా, ఒక యువోపాధ్యాయుడు కథలోని హంతకుని టోపీ నల్లనిదేల యని యడిగెను. జార్జియా పల్లెవారు తఱచుగా నల్లటోపీలే ధరింతురని యామె చెప్పెను. ఆతడు తృప్తి నొందక, ఆ టోపీకి గల విశేషార్థ మేమని మరల నడిగెను. తల గప్పుకొనుట కని యామె బదులిచ్చెను. ఈ వృత్తాంతము నామె యొక లేఖలో వ్రాసికొన్నది. నవ్వు పుట్టించు నీ మాటలో శాస్త్రము గలదు. ముఖ్యార్థమునకు బాధ లేనిచో లక్షణకు దావు లేదని యాలంకారికుల సిద్ధాంతము. తలపై టోపీ యుండుటలో బాధ యేమి? వ్యంజన గలదందురేని, అది వాచ్యార్థమును దిని బ్రదుకునది గాక, దానిని నిలువనిచ్చి దానిమీద మెఱయునది కావలయును. వాచ్యము నెఱుగనివానికి వ్యంగ్యము దొరకదు. జార్జియా పల్లెవాని టోపీ యెట్టిదో యెఱిగినవానికే యా హంతకుడు పొరుగూరి మనిషివలె గనబడును, భయమును నధికమగును. దేశజ్ఞానము కావ్యమున కింతవఱకు సహాయకారి. ఇంతకు మించి యేమైన జేయునా యన్నది విచార్యము.

శబ్దవిచారము

‘దాక్షిణాత్య’ శబ్దమును బాణిని ప్రత్యేక సూత్రమున సాధించెను. దక్షిణా, పశ్చాత్, పురస్ అను మూడింటిపై త్యక్ ప్రత్యయము వచ్చును. కకారము ఇత్తగుటచే నాదివృద్ధి గలిగి దాక్షిణాత్య, పాశ్చాత్త్య, పౌరస్త్య రూపము లేర్పడును. ఇది శైషిక ప్రకరణమందలిది. కావున నా ప్రకరణమున జెప్పబడిన యర్థము లన్నియు నీ ప్రత్యయమునకు జెల్లును. అచట బుట్టినవాడు జాతుడు, అచట నుండునది భవము, అచటనుండి వచ్చినవాడు ఆగతుడు. ఇవి గాక నివాస, అభిజనములని మఱి రెండర్థములను బాణిని వేఱువేఱుగా జెప్పెను. ఇప్పుడు తాను వసించుచోటు నివాసము. తన పూర్వులు వసించినచోటు అభిజనమని వ్యాఖ్యాతలు వివరించిరి. రెంటికిని బ్రత్యయ మొక్కటే యైనను, అర్థములు వేఱని సూత్రకారుడు గుర్తించుట మిక్కిలి సూక్ష్మమగు లోకజ్ఞానము.

వేదికపై నున్నవారి కీ యర్థములను బరీక్షార్థము ప్రయోగింపవచ్చును. ఓకానరు జాతార్థమునను నివాసార్థమునను దాక్షిణాత్యురాలు. సవానాలో బుట్టి, వ్యాధిగ్రస్తురాలై మిల్లెజ్‌విల్ సమీపమందలి తల్లి క్షేత్రమును జేరి, 1964లో మరణించువఱకు నచటనే యుండెను. పోర్టరు మెక్సికోలోను యూరపులోను నుత్తర నగరములలోను జీవితమున బెక్కేండ్లు గడిపినది. ఐనను ఆమెను దాక్షిణాత్యురాలని పిలుచుట కెవ్వరును వెనుదీయలేదు. ఏలన నామెకు దక్షిణము జన్మభూమి, అభిజనము. అనగా నిల్లు విడిచి దూరదేశముల నున్నంతమాత్రమున దాక్షిణాత్యత్వము పోదని యా గోష్ఠి నిర్మించినవారే యొప్పుకొన్నారు. ఈ యొప్పుకోలును జదువరులు గుర్తుంచుకొనవలయును. ముందు దీనితో బని గలదు.

వాక్యమున లోక, వేద శబ్దములు చాలియుండగా లౌకిక, వైదిక శబ్దములను వాడిన వార్తికకారుని జూచి, దాక్షిణాత్యులకు దద్ధితములయందు బ్రీతి యధికమని పతంజలి చమత్కరించెను. అమెరికా దాక్షిణాత్యుల సంగతి దీనికి విపర్యయము. తమకు దగిలించబడిన తద్ధితమును జూచిన వారికి బ్రీతి లేదు, కంటకముగ నుండెను. దక్షిణమునుండి వచ్చిన దెల్ల నుత్తరదేశపు జదువరికి వికృతముగా దోచుననియు, నిజముగా వికృతమైన దానినే యాతడు యథార్థ చిత్రణమని నమ్ముననియు ఓకానరు 1960 శరత్తునందు నా కళాశాలలోనే చేసిన యుపన్యాసమున బరిహసించెను. ఫాక్‌నరు నీడ తమపై బడుటయు నామెకు దెలియును. మహావేగమున వచ్చు రైలుబండి త్రోవలో దన గాడిదబండి చిక్కుకొనవలెనని యెవడును గోరడని యామె పోల్చిన పోలిక ప్రసిద్ధము. దాక్షిణాత్యు లనుటచే నందఱను ఫాక్‌నరు తూకపురాళ్లతోనే తూచుట యామెకు గిట్టలేదు.

మార్గవిచారము

దేశమును బట్టి కావ్యమునకు బేరిడుట మన సాహిత్యశాస్త్రమునను గలదు. దండి వైదర్భ గౌడ మార్గములను బ్రస్తావించెను. వామనుడు పాంచాలిని జేర్చి రీతులను మూడు చేసెను. కాని దేశములు కావ్యములకు జేయు నుపకార మేమియు లేదనియు, ఆ యా దేశముల కవులయందు గానబడుటచే నా పేళ్లు వచ్చినవనియు వామనుడే వివరించెను. కుంతకుడు మఱి యొక యడుగు ముందునకు వైచెను. దేశమును బట్టి రీతులు చెప్పినచో దేశము లనంతములు గావున రీతులును అనంతములగునని యాతని యాక్షేపము. మేనమామ కూతును బెండ్లియాడుట వంటిది దేశాచారము గావచ్చును గాని, కావ్యరచన యట్టి దేశధర్మము గాజాలదని యాత డెగతాళి చేసెను. మేనఱికము లింట నున్న తెలుగువారికి నీ యుదాహరణము రుచించునో లేదో గాని, యుక్తి మాత్ర మకాట్యము. మార్గమునకు మూలము కవిస్వభావము. అందుచే సుకుమార, విచిత్ర, మధ్యమములని మార్గములు మూడేయని యాతని సిద్ధాంతము.

ఓకానరు తన కథలలోని వికృతిని సమర్థించుకొన్న తీరు కుంతకుని పక్షమునకు జేరువ. వికలుని వికలుడని గుర్తించుటకు సకలు డెట్టివాడో తెలిసియుండవలయుననియు, దక్షిణమున నా జ్ఞానము ప్రధానముగా మతసంబంధి యనియు నామె వాదము. ఇచట వైకల్యచిత్రణమునకు గారణము భూమి గాదు, దర్శనము. కుంతకుని విచిత్రమార్గమే యిది యని సమీకరించుట మాత్రము పొరపాటు. అది యలంకారవైచిత్ర్యమును గూర్చినది, ఇది పాత్రవైకల్యమును గూర్చినది. సామ్య మొక్కటే: ఇరువురును దేశము పేరు కారణముగా జెల్లదనిరి.

దీనికి బ్రతిపక్షముగా నిలుచునది మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ నగరవాసిని యుడోరా వెల్టీ (1909-2001). కల్పనాసాహిత్యమున స్థలమునకు గల స్థానమును గూర్చి యామె 1950-60 నడుమ నొక వ్యాసము వ్రాసెను. స్థలము చిన్న దేవతవలె గనబడినను తక్కిన దేవతలు దానిని నమ్మియే యుందురని యామె భావము. పాత్రల మాట, నడత, నమ్మకము, జ్ఞాపకము స్థలమందే వేళ్లూని యుండును గావున, స్థలము మార్చినచో కథ వేఱొక కథ యగునని యామె నిర్ణయము.

ఈ రెండు పక్షములకును సమన్వయము దుర్లభము గాదు. వస్తువు వేఱు, మార్గము వేఱు. దేశము వస్తువు నిచ్చును. పలుకుబడి నిచ్చును. ఎవరెవరిని ముందుగా బలుకరింపవలయునో, ఎవరి యెదుట గూర్చుండరాదో తెలుపు మర్యాదల నిచ్చును. కాని యా సామగ్రితో నేమి చేయవలయునో దేశము చెప్పదు. అది కవిస్వభావము చెప్పవలయును. వెల్టీయు ఓకానరును దాక్షిణాత్యులే. ఒకరిది దయతో గూడిన పరిశీలనము, వేఱొకరిది నిర్దయమగు పరీక్ష. రెండు మార్గము లొక దేశమున నుండుటయే దేశము మార్గకారణము గాదనుటకు బ్రమాణము. కావున ‘దాక్షిణాత్య రచయితలు’ అను శీర్షిక వస్తుసూచకముగా సాధువు, మార్గసూచకముగా నసాధువు.

మేము - మనము

ఐతే యా వస్తువు ఎవరిది? ఇచట నొక చిన్న శబ్దము చాల చెప్పును. 1961లో వెలువడిన నవలకు 1962లో జాతీయ గ్రంథ పురస్కారము నందిన అలబామావాడు వాకర్ పెర్సీని, దక్షిణమున నింతమంది మంచి రచయితలుండుటకు గారణ మేమని పత్రికలవా రడిగిరి. యుద్ధమున నోడుటయే కారణమని యాతడు బదులు చెప్పెను. ఓకానరు దీనిని జార్జియా రచయితల సంఘ సభలో బ్రశంసించి వ్యాఖ్యానించెను. ఓడిన యుద్ధము మంచి కథావస్తు వగునని దాని భావము గాదనియు, పతన మెట్టిదో యెఱిగి, మానవశక్తికి గల హద్దును మనసున నాటుకొని, దక్షిణము నవీనయుగమున బ్రవేశించినదనియు నామె వివరణము. వ్యాఖ్యానము గంభీరము. ఓటమి యహంకారమును శోధించు నను మాట కావ్యలోకమున నిజమే.

కాని యా వాక్యమును దెనుగు చేయబూనినవానికి గర్తృపదముకడ గాలు నిలువదు. ఆంగ్లమున ఉత్తమపురుష బహువచన మొక్కటే. తెలుగున రెండు గలవు: వినువానిని విడిచి చెప్పునది మేము, వినువానిని గలుపుకొని చెప్పునది మనము. పెర్సీ యితరదేశపు బత్రికలవారితో ననెను గావున ‘మేము’ అనవలయును. ఓకానరు జార్జియావారి సభలో ననెను గావున ‘మనము’ అనవలయును. ఇంతవఱకు సులభము. కాని యా సభాద్వారముకడ జార్జియాలోనే పుట్టి, జార్జియాలోనే పెరిగి, దాసుని మనుమడైన చదువరి యొకడు నిలిచి వినుచున్నాడనుకొందము. వానితో నేమనవలయును? యుద్ధమున నోటమి వాని తాతకు ఓటమి గాదు, విడుదల. ‘మన’ మన్నచో నసత్యము. ‘మే’ మన్నచో, దక్షిణమున బుట్టిన వానినే దక్షిణమునకు వెలిగా నుంచుట. ఆంగ్ల వాక్యము తన యేకరూపముచే నీ చిక్కును గప్పిపుచ్చినది. తెలుగు వ్యాకరణము దానిని బయట బెట్టుచున్నది. దాక్షిణాత్య వాఙ్మయ విమర్శలో నేండ్ల తరబడి జరిగిన లోప మిదియే: ‘మేము’ అను నర్థమున ‘మనము’ అను రూపమును బ్రయోగించుట.

గ్రంథాలయ ద్వారము

ఈ లోపము వ్యాకరణమాత్ర మైనచో నింత విచారింప బని లేదు. అది తలుపులకును దాళములకును సంబంధించినది. వెల్టీ తన బాల్యమునుగూర్చి 1983లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నుపన్యసించుచు, జాక్సన్ నగర గ్రంథాలయమును బ్రీతితో స్మరించెను. ఒకసారికి రెండు పుస్తకములే యిత్తురట. తీసికొనిపోయిన నాడే తిరిగి యిచ్చుటకు వీలు లేదట. గ్రంథాలయాధికారిణి కట్టుదిట్టము లట్టివి. బాలిక వానికి లోబడియే పుస్తకములన్నియు జదివెను. ఆ నగరమందే, యామెకన్న నొక్క యేడు పెద్దవాడగు రిచర్డ్ రైట్ బాల్యమున జదువుకొనుచుండెను. అతడు 1908లో మిసిసిపీలో బుట్టినవాడు, నల్లజాతివాడు. ఆతనికి రెండు పుస్తకముల నియమము గాదు, ప్రవేశమే లేదు. పిదప నాతడు టెనెసీ రాష్ట్రపు మెంఫిస్ నగరమున బనిచేయుచు, ఒక శ్వేతజాతి తోడి యుద్యోగి చీటి నెరువు దెచ్చుకొని, ఆతడే పంపినట్లుగా నొక కూటలేఖ వ్రాసి, గ్రంథాలయమునుండి పుస్తకములు సంపాదించి చదివెను. తన ప్రసిద్ధ స్వీయచరిత్రలో (1945) నీ సంగతి తానే చెప్పినాడు. దాక్షిణాత్య గద్యమున మహోన్నతమగు నొక జీవితము కూటలేఖతో నారంభమైనది. ఆ దోషము లేఖ వ్రాసినవానిది గాదు.

రైట్ 1927లో దక్షిణమును విడిచి షికాగోకును, యుద్ధానంతరమున బారిసునకును బోయెను. అయినను తాను దక్షిణమును బూర్తిగా విడువలేననియు, దాని నంటును దీసికొనిపోయి పరభూమిని నాటుచున్నాననియు నర్థము వచ్చునట్లు స్వీయచరిత్రాంతమున వ్రాసెను. నివాసము పారిసు, అభిజనము మిసిసిపీ. పోర్టరునకు జెల్లిన యర్థము రైట్‌నకు జెల్లకుండుటకు వ్యాకరణమున గారణము లేదు. కాని 1960 అక్టోబరు 28 నాటి వేదికపై నట్టివా రెవ్వరును లేరు. నాటి కా కళాశాలలో శ్వేతజాతి విద్యార్థినులే చదువుచుండిరి. సరిగా నొక మాసము గడచిన పిదప, నవంబరు 28న, రైట్ పారిసులో మరణించెను. ఆ యేటి జనవరిలోనే అలబామాలో బుట్టి ఫ్లోరిడాలో బెరిగిన జోరా నీల్ హర్స్టన్ అనామకముగా మరణించెను. ఆమె సమాధికి 1973 వఱకు గుర్తుఱాయియు లేదు.

మఱుసటి సంవత్సరము మార్చి 27న జాక్సన్ నగర ప్రధాన గ్రంథాలయమునకు టూగలూ కళాశాల విద్యార్థులు తొమ్మండ్రు వచ్చిరి. తమకు గేటాయించిన శాఖలో దమకు వలయు పుస్తకములు లేవని నిశ్చయించుకొనియే వచ్చిరి. లోనికి వచ్చి, పుస్తకములు వెదకి, కూర్చుండి చదువుకొనసాగిరి. చదివినందులకే వారిని నిర్బంధించిరి. 1964 మార్చిలో లూయిసియానా రాష్ట్రపు క్లింటన్ పట్టణమున హెన్రీ బ్రౌన్ అనునాతడు గ్రంథాలయమున కేగి, ఆర్నా బాంటెంప్స్ రచించిన నల్లజాతి చరిత్ర నడిగెను. ఆ పుస్తకము లేదనగా నాతడును సహచరులును గదలక మౌనముగా నిలిచిరి. నిర్బంధము, శిక్ష, అప్పీలు జరిగి, 1966లో సుప్రీము కోర్టువారు వారిపక్షమున దీర్పు చెప్పిరి. ఇందలి చమత్కార మేమన, బాంటెంప్స్ లూయిసియానాలో బుట్టిన దాక్షిణాత్య రచయిత, పైగా నాష్‌విల్ నగరమందలి ఫిస్క్ విశ్వవిద్యాలయమున నిరువదేండ్లు ప్రధాన గ్రంథాలయాధికారి. దాక్షిణాత్య రచయిత, గ్రంథాలయము అను రెండు పదములు నొకే మనిషియందు గలిసిన యా రచయిత పుస్తకమే దక్షిణదేశ గ్రంథాలయమున నడిగినందుకు చెఱ!

ఫలితాంశము

ఇంతచే వెస్లియన్ గోష్ఠిలోని రచయితలను నిందించుట న్యాయము గాదు. వారి కృతులు వారి కూర్చుండిన పీఠములకన్న విశాలములు. ఐనను దోషమును దాచుటయు విమర్శధర్మము గాదు. 1959లో నొక మిత్రురాలు జేమ్స్ బాల్డ్విన్‌ను జార్జియాలో గలిసికొనుమని కోరగా ఓకానరు నిరాకరించెను. న్యూయార్కున నైనచో సంతోషమే యనియు, ఇచట నైనచో కలత పుట్టుననియు, తన కాహారమిచ్చు సంఘపు మర్యాదలను దాను పాటింతుననియు నామె లేఖ. కథలలో మర్యాదల ముసుగును నిర్దయముగా జీల్చిన చేయి, ఇంట నా ముసుగును సరిదిద్దినది. జరుగవలసియుండి జరుగని గోష్ఠి యిది.

న్యాయశాస్త్రమున కథ మూడు విధములు: తత్త్వనిర్ణయము కొఱకైనది వాదము, గెలుపు కొఱకైనది జల్పము, స్వపక్షము లేక పరపక్షమును ఖండించుట వితండ. వాదమునకు బక్షప్రతిపక్షములు రెండును వలయును. వెస్లియన్ వేదికపై మర్యాద గలదు, ప్రజ్ఞ గలదు, హాస్యము గలదు. ప్రతిపక్షము లేదు. కావున నది రమణీయమగు సంలాపము, వాదము గాదు. దక్షిణ చరిత్రకారుల సంఘమువారు 1968 నవంబరులో న్యూ ఆర్లియన్సు నగరమున జరిపిన గోష్ఠియం దీ లోపము కొంత తీరినది. ఓక్లహామాలో బుట్టి, అలబామాలోని టస్కీగీ విద్యాలయ గ్రంథాలయమున నవీనకవిత్వమును గనుగొన్న రాల్ఫ్ ఎలిసన్, కెంటకీవాడగు రాబర్ట్ పెన్ వారెన్, వర్జీనియావాడగు విలియం స్టైరన్, చరిత్రకారుడు వాన్ వుడ్‌వర్డ్ అందు పాల్గొనిరి. 1831 నాటి దాసవిప్లవ నాయకుని నోట స్టైరన్ చెప్పించిన నవలపై నల్లజాతి రచయితలు పదుగు రాక్షేపించి గ్రంథము ప్రకటించిన సంవత్సర మది. ఒకరి చరిత్రను మఱియొకరు ‘నేను’ అని చెప్పవచ్చునా యను నసలు ప్రశ్న యప్పుడు సభామధ్యమునకు వచ్చెను.

ఈ విచారమునకు మిక్కిలి యుచితమగు ముగింపును జార్జియాలోనే 1944లో బుట్టిన ఆలిస్ వాకర్ వ్రాసినది. ఆమె కుటుంబ మొకప్పుడు ఓకానరు క్షేత్రమునకు జేరువలోనే కౌలుదారుల గుడిసెలో నుండెను. కళాశాలలో ఓకానరును బ్రీతితో జదివి, హర్స్టన్ మొదలగువారి పేరైన దన కెవ్వరును జెప్పలేదని తెలిసిన వెనుక, కోపముతో నా పుస్తకములను బ్రక్కన బెట్టెను. పిదప తల్లిని వెంటబెట్టుకొని పోయి తమ పాడుపడిన గుడిసెను, చక్కగా నిలిచియున్న ఓకానరు గృహమును రెంటిని జూచెను. 1975 నాటి యా వ్యాసమున నామె ఓకానరును దిరస్కరింపలేదు, క్షమించినట్లు నటింపనులేదు. ఒక కథకు గల వివిధ పార్శ్వములను జేర్చిననే సత్యము పూర్ణమగునని నిర్ణయించెను. దీనికి వేఱొక పేరు వాదము.

వాషింగ్టన్ నగరమందలి కాంగ్రెసు గ్రంథాలయమున నాస్థానకవి పీఠ మొకటి గలదు. ఆ బిరుదుతో మొదట 1986లో నా పీఠము నెక్కినవాడు దాక్షిణాత్యుడగు వారెన్. 2012లో నెక్కినది మిసిసిపీలో 1966లో బుట్టిన నటాషా ట్రెథవే. ఆమె తండ్రి శ్వేతజాతివాడు, తల్లి నల్లజాతిది. ఆమె పుట్టిన నాటి కట్టి వివాహము మిసిసిపీ శాసనమున జెల్లదు. ఆమెకు బులిట్జర్ బహుమానము (2007) దెచ్చిన కావ్యసంపుటము, అంతర్యుద్ధమున నుత్తరపక్షమున బోరాడి, మిసిసిపీ తీరమందలి దీవిలో దక్షిణ సైనికుల బందీగృహమునకు గావలి యున్న నల్లజాతి సైనికులను స్మరించునది. వారును దక్షిణదేశమువారే. ఆ యుద్ధమున వా రోడలేదు.

కావున ‘దాక్షిణాత్య రచయితలు’ అను శీర్షికను విడువ బని లేదు. పాణిని చెప్పిన యర్థములన్నిటను దానిని బ్రయోగించినచో జాలును: పుట్టినవారిని, ఉన్నవారిని, వెడలిపోయినవారిని, పూర్వుల యెముకలు మాత్ర మచట గలవారిని. గోష్ఠి కూర్చు గ్రంథాలయాధికారి రచయితలను బిలుచుటకు ముందు ‘మనము’ అనదలచిన శబ్దము నొకసారి సభాద్వారముకడ నిలిచి పలికి చూడవలయును. అచట నిలిచి వినువానికి నది చెల్లినచో శబ్దము సాధువు. చెల్లనిచో, వేదికపై నెంతటి విద్వాంసులు గూర్చున్నను, ఆ ప్రయోగము వ్యాకరణముచేతను న్యాయముచేతను దుష్టము. సహృదయులు పరిశీలింతురు గాక.